పదిహేడేళ్ళుగా సత్ప్రసాదం లైన్లో నిలబడలేదు, ఇప్పుడు మా అమ్మాయి సిస్టరవుతానంటోంది

చివరి_బెంచీ
మంగళవారం, రాత్రి 10:50

అందరికీ వందనాలు. ఈ వేదికలో మూడేళ్ళుగా చదువుతున్నాను గానీ ఎప్పుడూ రాయలేదు. నా పేరూ చెప్పను, మా విచారణ (మేం వెళ్ళే కాథలిక్ గుడి, దాని పరిధి) పేరూ చెప్పను. ఉండేది విశాఖలోనే. ఓడ సరుకులు క్లియర్ చేయించే ఏజెంటు దగ్గర పని. డ్యూటీ చలాన్లు, స్టాంపులు, సంతకాలు. ఇరవై మూడేళ్ళుగా అదే కుర్చీ.

2008లో మా నాన్న పోయాక పెందుర్తి వైపున్న స్థలం అమ్మాం. అమ్మాం అంటే నేనే అమ్మాను. తమ్ముడు అప్పుడు సూరత్‌లో ఉన్నాడు. నా మీద నమ్మకంతో పవరాఫ్ అటార్నీ పంపేశాడు. స్థలం ఎంతకి పోయిందో వాడికి చెప్పిన లెక్క వేరు, నా చేతికొచ్చిన లెక్క వేరు. వాడికి రావలసిన దాంట్లో లక్షా ఎనభై వేలు నా దగ్గర ఆగిపోయాయి. ఆగిపోయాయని రాస్తున్నాను చూడండి. నేనే ఆపుకున్నాను.

అప్పట్నుంచి పాపసంకీర్తనానికి, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు చెప్పుకోవడానికి, వెళ్ళలేదు. పూజకి మాత్రం ఆదివారం తప్పను. సత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరంగా ఫాదర్ ఇచ్చే రొట్టె, తీసుకునే వేళకి అందరూ లేస్తారు, నేను మోకాళ్ళు పక్కకి జరిపి దారిస్తాను. ఎవరైనా అడిగితే "షుగరండీ, ఇప్పుడే ఏదో నోట్లో వేసుకున్నాను" అంటాను. మా ఆవిడ అడగడం మానేసి పదేళ్ళయింది.

ఇప్పుడు మా అమ్మాయి డిగ్రీ ఆఖరి ఏడాది. సిస్టర్లు పెట్టిన 'కం అండ్ సీ' శిబిరానికి వెళ్ళొచ్చి మఠంలో చేరతానంటోంది. దానికి విచారణ గురువుల ఉత్తరం కావాలట. ఫాదర్ గారు "మీ నాన్నగారిని ఒకసారి రమ్మనమ్మా" అన్నారట. అది నాతో చెప్పి, ఊరుకోకుండా, "నాన్నా, నువ్వెందుకు తీసుకోవు?" అని అడిగింది. ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాను.

నా ప్రశ్న ఇది. నాలాంటివాడి ఇంట్లోంచి దేవుడు ఒకర్ని పిలుచుకుంటాడా? ముందు డబ్బు కట్టేసి ఆ తర్వాత పాపసంకీర్తనానికి వెళ్ళాలా, ముందు వెళ్ళి తర్వాత కట్టాలా? డబ్బు ఒక్కసారిగా నా దగ్గర లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి పాపం చెప్పుకుంటుంటే ఒక ఫాదర్ గట్టిగా కసిరారు. బయట లైన్లో ఉన్న నా స్నేహితులకి వినపడింది. అదే కారణం అనను. కానీ ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది.

మోడరేటర్
మంగళవారం, రాత్రి 11:05

స్వాగతం అండి. సభ్యులకి ఒక్క మాట: వ్యక్తుల పేర్లు, విచారణల పేర్లు లాగొద్దు. ఇక్కడ జరిగేది చర్చ. పాపవిమోచనం మా చేతుల్లో లేదు, ఉంటే ముందు నాకే ఇచ్చుకునేవాణ్ణి.

తగరపువలస_టీచరమ్మ
బుధవారం, ఉదయం 5:40

అన్నయ్యగారూ, నేను ఆదివారం బడిలో పిల్లలకి జ్ఞానోపదేశం చెప్తాను. మొదటి సత్ప్రసాదం పిల్లలకి చెప్పేదే మీకూ చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆత్మపరిశోధన, మనస్తాపం (చేసిన పాపానికి బాధపడటం), ఇక చేయనన్న నిర్ణయం, గురువు దగ్గర చెప్పుకోవడం, ఆయన ఇచ్చిన ప్రాయశ్చిత్తం తీర్చడం. ఈ వరసలో డబ్బు కట్టిన రసీదు పట్టుకెళ్ళాలని ఎక్కడా లేదు. కట్టాలన్న నిర్ణయం ఉండాలి, అది నిజంగా ఉండాలి. అంతే.

లైన్లోకి వెళ్ళకపోవడం గురించి ఒకటి. పెద్ద పాపం మనసులో పెట్టుకుని సత్ప్రసాదం తీసుకోకూడదని మీరు ఆగారు. అది భయభక్తే, తిరుసభ (మన కాథలిక్ సంఘం) చెప్పేదీ అదే. కానీ పదిహేడేళ్ళు ఆగమని తిరుసభ ఎప్పుడూ చెప్పలేదు. ఏడాదికి ఒక్కసారైనా పెద్ద పాపాలు చెప్పుకోవాలన్నది 1215లో నాలుగో లాతరన్ మహాసభ పెట్టిన నియమం, ఇప్పటికీ ఉంది. అంటే మీరు పదిహేడు వాయిదాలు ఎగ్గొట్టారు. మా పిల్లలైతే గోడకుర్చీ వేయించేదాన్ని.

పాతపోస్టాఫీసు
బుధవారం, ఉదయం 7:15

టీచరమ్మా, పాపం మనిషి మొదటిసారి నోరు విప్పాడు, గోడకుర్చీ ఏమిటి.

బాబూ, నేను పోర్టులో చేసి రిటైరయ్యాను. నీ కుర్చీ నాకు తెలుసు. కస్టమ్స్ వాళ్ళ గుమ్మాల్లో నిలబడే ఉద్యోగం. నీ పోస్టు చదివితే నాకు మత్తయి గుర్తొచ్చాడు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నవాణ్ణి ప్రభువు "నా వెంట రా" అన్నాడు. అక్కడ ఏం జరగలేదో చూడు. ఖాతా చూపించు అనలేదు. ఎవరెవరి దగ్గర ఎంత లాగావో ముందు తేల్చు అనలేదు. రోమా వాళ్ళకి పన్ను వసూలు చేసి, పైన తన జేబు నింపుకునేవాడని ఊరంతటికీ తెలుసు. ఆ బల్ల దగ్గరే పిలిచాడు. అదే రోజు వాడింట్లో భోజనం. పరిసయ్యులు, ఆచారాల పట్టింపున్న యూదులు, గుమ్మం దగ్గర నిలబడి గొణిగారు.

పిలుపు శుభ్రమైన ఇంటికే వస్తుందని నీకు ఎవరు చెప్పారు?

సెమినరీ_సగంలో
బుధవారం, మధ్యాహ్నం 1:20

పెద్దాయన మత్తయిని పట్టుకున్నారు కాబట్టి నేనూ కొంచెం కలుపుతాను. నేను గురువు కాలేదు. తత్వశాస్త్రం అయ్యాక బయటికొచ్చేశాను, ఇప్పుడు బ్యాంకులో ఉన్నాను. కానీ చదివింది పోలేదు.

1953 సెప్టెంబరు 21. మత్తయి పండుగ రోజు. బ్యూనోస్ ఎయిరెస్‌లో పదహారేళ్ళ కుర్రాడు స్నేహితుల్ని కలవడానికి బయల్దేరి, దారిలో తమ విచారణ గుడిలోకి వెళ్ళాడు. తెలియని గురువు ఒకాయన కనిపిస్తే పాపసంకీర్తనం చేసుకున్నాడు. బయటికొచ్చేసరికి తను గురువు కావాలని తెలిసిపోయింది. ఆ కుర్రాడే తర్వాత ఫ్రాన్సిస్ పాపుగారు. క్షమాపణ, పిలుపు రెండూ ఒకే గంటలో. బిషప్ అయినప్పుడు పెట్టుకున్న నినాదం కూడా అక్కణ్ణుంచే: మత్తయి పిలుపు మీద ఇంగ్లండు మఠవాసి పునీత బీడ్ చేసిన ప్రసంగంలోని లాటిన్ మాటలు. తెలుగులో చెప్పాలంటే "కరుణించి, ఎంచుకుని". చూపులో కరుణ, అదే చూపులో ఎంపిక. రెంటికీ మధ్య నెల గడువు లేదు.

రోమ్‌లో ఫ్రెంచివాళ్ళ గుడిలో ఈ మత్తయి పిలుపు మీదే చిత్రకారుడు కారవాజ్జో వేసిన బొమ్మ ఉంది, 1600 ప్రాంతంలో వేసింది. ఒక చీకటి గది, బల్ల మీద నాణాలు, కుడివైపు నుంచి వెలుతురు, ప్రభువు చెయ్యి. గడ్డపాయన "నన్నా?" అన్నట్టు వేలు పెట్టి చూపిస్తాడు. ఆ వేలు తన వైపా, పక్కన తలొంచుకుని డబ్బులు లెక్కపెట్టుకుంటున్న కుర్రాడి వైపా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే ఆ కుర్రాడే మత్తయి అనిపిస్తుంది. పిలిచారని కూడా వాడికి తెలియలేదు ఇంకా.

మీ విషయంలో, సార్, మీ అమ్మాయికి పిలుపొచ్చిందని మీరు రాశారు. ఫాదర్ గారు రమ్మన్నది మాత్రం మిమ్మల్ని.

కంచరపాలెం_కుర్రోడు
బుధవారం, సాయంత్రం 6:02

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది బాప్టిస్టు కుటుంబం, నేను పెళ్ళి చేసుకున్నది కాథలిక్కు అమ్మాయిని. ఇంట్లో రోజూ ఈ గొడవే. దేవుడు క్షమించేవాడైతే మంచం పక్కన మోకాళ్ళూని అడిగితే చాలదా? మధ్యలో ఇంకో మనిషి చెవి ఎందుకు? అదీ కసిరే మనిషి?

తగరపువలస_టీచరమ్మ
బుధవారం, రాత్రి 8:30

తమ్ముడూ, మంచం పక్కన అడిగితే దేవుడు వినడని మేమూ అనం. ప్రేమతో నిజంగా పశ్చాత్తాపపడితే, వీలైనంత త్వరలో పాపసంకీర్తనం చేసుకుంటానన్న నిర్ణయంతో, పెద్ద పాపాలకి కూడా క్షమాపణ దొరుకుతుందని సత్యోపదేశంలో (తిరుసభ బోధల పుస్తకం) ఉంది. కానీ చావు నుంచి లేచిన ప్రభువు శిష్యుల మీద ఊపిరి ఊది "మీరెవరి పాపాలు క్షమిస్తే వాళ్ళకి క్షమాపణ" అన్నాడు కదా, యోహాను 20లో. ఆ మాటకి ఏదో పని ఉండాలి. వినకుండా ఎలా క్షమిస్తారు?

ఆడదానిగా ఇంకో మాట. నా మంచం పక్కన నేను ఎప్పుడూ నన్ను సమర్థించుకునే పాపాలే చెప్పుకుంటాను. ఇంకో మనిషి ముందు నోరు తెరిచినప్పుడు "కోడలి మీద అరిచాను" దగ్గర నుంచి "కోడలి మీద నిందేశాను" దాకా వస్తుంది. పైన ఈ అన్నయ్యగారు "ఆగిపోయాయి" అని రాసి మళ్ళీ దిద్దుకున్నారు, చూడలేదా?

కంచరపాలెం_కుర్రోడు
బుధవారం, రాత్రి 8:41

ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదక్కా. మొదటిదానికి ఉంది గానీ ఇంకో రోజు.

వల_తెప్ప
బుధవారం, రాత్రి 11:30

మాది జాలారిపేట. నేను చదువుకున్నది టెన్తు. వేటకెళ్తాను. మీరంతా మత్తయి మత్తయి అంటన్నారు, ఆయన కుర్చీ మనిషి. నేను పేతురు మాట చెప్తాను.

ప్రభువుని పట్టుకెళ్ళిన రాత్రి ఆయన్ని మూడుసార్లు ఎరగనన్నాడు. ఎక్కడన్నాడు? ప్రధానయాజకుడింటి వాకిట్లో, చలికి వేసిన బొగ్గుల నిప్పు దగ్గర. తర్వాత ప్రభువు లేచాక గట్టున నిలబడ్డాడు. వీళ్ళు రాత్రంతా వేసినా ఒక్క చేపా పడలేదు. కుడిపక్క వెయ్యమన్నాడు, నూట యాభై మూడు పడ్డాయి. అది సరే. గట్టుకొచ్చి చూస్తే మళ్ళీ బొగ్గుల నిప్పు. దాని మీద చేప, పక్కన రొట్టె. యోహాను సువార్తలో బొగ్గుల నిప్పు ఆ రెండు చోట్లే ఉందని మా ఉపదేశి గారు చెప్పారు. నాకు ఒళ్ళు జలదరించింది. నిప్పు వాసన ఎట్టుంటదో మాకు తెలుసు గదా. ఆ వాసనకి పేతురికి ఏం గుర్తొచ్చి ఉంటది?

తిట్టలేదు. ముందు "రండి, తినండి" అన్నాడు. కడుపు నిండాక అడిగాడు, నన్ను ప్రేమిస్తన్నావా అని, మూడుసార్లు. మూడోసారికి పేతురికి బాధేసింది. వెయ్యాలి గదా. కానీ ప్రతిసారీ పని అప్పజెప్పాడు, నా గొర్రెల్ని మేపు అని. ఆఖర్న "నా వెంట రా". మొదట్లో పిలిచిన మాటే మళ్ళీ.

మన జ్ఞానాపురం పెద్ద గుడికి ఆయన పేరే ఉంది. ఎరగనన్నోడి పేరు.

పాతపోస్టాఫీసు
గురువారం, ఉదయం 6:50

వల_తెప్ప బాబూ, టెన్తు అన్నావు గానీ, నేను యాభై ఏళ్ళుగా విన్న ప్రసంగాల్లో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

గ్రూప్1_ఆస్పిరెంట్
గురువారం, ఉదయం 10:12

నేనొక్కణ్ణే వేరే మాట అంటానేమో. అందరూ కరుణ కరుణ అంటున్నారు. ఆ తమ్ముడి సంగతి ఎవరికైనా పట్టిందా? ఈయన వెళ్ళి ఫాదర్‌కి చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుని తేలికైపోతాడు. లక్షా ఎనభై వేలు పోయినవాడు సూరత్ మగ్గం మీదే ఉంటాడు. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, మోసంతో లాగినదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాకే కదా ప్రభువు "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది" అన్నాడు? మా నాన్నని మా పెదనాన్న ఇలాగే ముంచాడు. అందుకే నాకు ఇలాంటివి చదివితే ఒళ్ళు మండుతుంది.

సెమినరీ_సగంలో
గురువారం, మధ్యాహ్నం 2:05

బ్రదర్, మీ కోపం న్యాయమైందే. మీరన్న వాక్యం లూకా 19లో తొమ్మిదోది. నాలుగింతలు ఇస్తానన్నది ఎనిమిదిలో. కానీ ఐదులో ఏముందో చూడండి: జక్కయ్య ఇంకా మేడిచెట్టు మీదే ఉన్నాడు, ఒక్క పైసా మాట ఎత్తలేదు, అప్పుడే ప్రభువు "త్వరగా దిగు, ఈ రోజు నేను నీ ఇంట్లో ఉండాలి" అన్నాడు. ముందు ఇంటికొస్తానన్నాడు, తర్వాత బీరువా తెరుచుకుంది.

అలాగని బీరువా తెరుచుకోకపోతే ఆ భోజనానికి అర్థం లేదు, అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. దొంగిలించింది తిరిగివ్వడం భక్తిలో ఎక్స్‌ట్రా మార్కుల లాంటిది కాదు, న్యాయం. దొంగిలించకూడదన్న ఏడో ఆజ్ఞ కింద సత్యోపదేశం ఇదే జక్కయ్యని తీసుకుని స్పష్టంగా చెప్తుంది. ఇస్తానన్న ఉద్దేశమే లేనివాడికి పాపవిమోచనం ఇవ్వడానికి గురువుకీ కుదరదు.

సార్‌కి ఒక సంగతి తెలియకపోవచ్చు. తిరిగిచ్చేటప్పుడు "నేనే దొంగని" అని బయటపడి తీరాలని నియమం లేదు. పేరు తెలియకుండా చేర్చినా బాకీ తీరినట్టే అని నీతిశాస్త్రంలో చెప్తారు. మీ కేసులో అది కుదురుతుందా అనేది వేరే ప్రశ్న.

గ్రూప్1_ఆస్పిరెంట్
గురువారం, మధ్యాహ్నం 2:30

కుదరదు. అన్నదమ్ముల మధ్య అజ్ఞాత భక్తుడు ఏమిటండీ. లాటరీ తగిలిందనుకుంటాడా?

ఇంకో లెక్క కూడా ఉంది. 2008 నాటి లక్షా ఎనభై వేలు ఇవాళ లక్షా ఎనభై వేలేనా? పెందుర్తిలో ఇప్పుడు గజం ఎంతో తెలుసా?

పాతపోస్టాఫీసు
గురువారం, సాయంత్రం 5:20

ఈ కుర్రాడు కలెక్టరైతే బావుణ్ణు. లెక్క సరిగ్గా అడిగాడు. పోగొట్టుకున్నవాడికి ఎంత నష్టమో అది పూడ్చాలి కదా, కాగితం మీద అంకె కాదు. అది మాత్రం ఫాదర్ దగ్గర కూర్చుని తేల్చుకో బాబూ, మా దగ్గర కాదు.

ఆ కసిరిన ఫాదర్ సంగతి. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెప్పేవారు. మన దగ్గరికి మొదట వచ్చిన సలేసు సభ గురువులు, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న ఆన్సీ నుంచి 1846లో విశాఖకి వచ్చినవాళ్ళు, ఫ్రాన్సిస్ సలేసు పేరు మీద ఏర్పడిన సభ వాళ్ళు. ఆ సలేసు పునీతుడు ఎంత మెత్తని మనిషంటే, తనని వినడానికి ఇష్టపడని ఊళ్ళలో కరపత్రాలు రాసి తలుపుల కింద నుంచి తోసేవాడట. అందుకే పత్రికలవాళ్ళకి ఆయన్ని పాలక పునీతుడిగా పెట్టారు. అరుపు మన పీఠం పుట్టుకలో లేదు బాబూ. అరిచిన ఆయన ఆ రోజు పొద్దున్నుంచి ఎంతమందిని విన్నాడో, ఏ నొప్పితో ఉన్నాడో. తప్పే. నువ్వు మాత్రం ఆ తప్పు కోసం ఇంకా ఆ లైన్లోనే నిలబడి ఉన్నావు.

సిస్టర్_గారి_అక్క
గురువారం, రాత్రి 9:45

ఇన్ని పోస్టుల్లో ఆ అమ్మాయి గురించి ఒక్కరూ రాయలేదు, మగాళ్ళంతా చేపలూ లెక్కలూ. నేను రాస్తాను.

మా చెల్లి సిస్టరు. మేం ముగ్గురం ఆడపిల్లలం. మా నాన్న తాగేవాడు. మా చెల్లి వెళ్తానన్నప్పుడు మా అమ్మకి కూడా ఇదే మాట: "ఇలాంటి ఇంటి పిల్లని వాళ్ళెందుకు తీసుకుంటారే?" తీసుకున్నారు. ఇంటర్వ్యూలో మదర్ అడిగింది నాన్న గురించి కాదు, "నీకు నిద్ర బాగా పడుతుందా, వంట వచ్చా, ఒంటరిగా కూర్చోగలవా" అని. మేం నవ్వుకున్నాం. తర్వాత అర్థమైంది ఎందుకడిగారో.

అన్నయ్యగారూ, శిబిరం అయిపోగానే మీ అమ్మాయి వెళ్ళిపోయినట్టు కాదు. ముందు కొంతకాలం అభ్యర్థిగా ఉంటుంది. ఆ తర్వాత నొవిషియేటు, అంటే వ్రతాలకి ముందు శిక్షణ, అది కనీసం ఏడాది. తర్వాత తాత్కాలిక వ్రతాలు, కనీసం మూడేళ్ళు. నిత్య వ్రతాలు ఆ తర్వాతే. ఈ దారిలో ఎక్కడైనా ఇంటికి రావచ్చు, వాళ్ళూ పంపవచ్చు. మా చెల్లితో చేరిన ఆరుగురిలో ఇద్దరు మిగిలారు. బయటికొచ్చిన నలుగురిలో ఒకావిడ మా వీధిలోనే ఉంటుంది, ముగ్గురు పిల్లలు, ఆవిడ పెట్టే ఆవకాయ తినాలి మీరు.

ఇంకొకటి, పొరపాటుగా అనుకోవద్దు. "నా పాపానికి బదులుగా నా కూతుర్ని దేవుడికి ఇస్తున్నాను" అన్న ఆలోచన మీకు ఎక్కడో ఉందేమో చూసుకోండి. మా నాన్నకి ఉండేది. తాగినప్పుడల్లా "నా బిడ్డ నా కోసం ప్రార్థిస్తుందిలే" అనేవాడు. మా చెల్లి ఆ మాట విని ఒకసారి ఇంటికొచ్చి చెప్పింది: "నాన్నా, నేను నీ బదులు వెళ్ళలేదు. నాకు ఇష్టమై వెళ్ళాను. నీ పాపసంకీర్తనం నువ్వే చేసుకో." మా నాన్న మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు వెళ్ళాడు. తాగుడు మాత్రం పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు.

చివరి_బెంచీ
గురువారం, రాత్రి 11:58

అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. సిస్టర్ గారి అక్కగారూ, ఆ ఆలోచన ఉంది. మీరు రాసేదాకా ఉందని తెలియలేదు.

గ్రూప్1 బాబూ, నీ కోపం నాకు కావాలి. మెత్తగా మాట్లాడేవాళ్ళే ఉంటే నేను ఇంకో పదిహేడేళ్ళు ఇలాగే గడిపేస్తాను.

టెన్షన్‌గా ఉంది. రేపు కాదు, ఎల్లుండి వెళ్తాను.

కంచరపాలెం_కుర్రోడు
శుక్రవారం, ఉదయం 8:00

ఎల్లుండి అనకండి సార్. మీ లెక్క ప్రకారం ఎల్లుండి అంటే 2042.

తగరపువలస_టీచరమ్మ
శుక్రవారం, మధ్యాహ్నం 3:10

ఇప్పుడే దివ్యకరుణ జపమాల మీ పేరున చెప్పాను, పేరు తెలియదు కాబట్టి "చివరి బెంచీ ఆయన" అనే చెప్పాను. మూడు గంటలకి మా ఇంట్లో అలవాటు. మా అత్తగారు దివ్యకరుణ ప్రభువు పటం ముందు కూర్చుంటే కరెంటు పోయినా లేవరు.

చివరి_బెంచీ
ఆదివారం, రాత్రి 9:30

నిన్న వెళ్ళాను. మా విచారణలో కాదు, అంత ధైర్యం రాలేదు. మరియమాత గుడి ఉన్న రాస్ హిల్ ఎక్కాను.

పాత పోస్టాఫీసు దగ్గర బండి పెట్టి నడిచాను. విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు, పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద మన తల్లి. డిసెంబరు 8 పండక్కి చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కినవాణ్ణి. తమ్ముణ్ణి నాన్న భుజాల మీద ఎక్కించుకునేవాడు. సగం మెట్ల దగ్గర ఆయాసం వచ్చి ఆగాను. కింద ఛానల్లో టగ్గు ఒకటి ఓడని లోపలికి లాక్కొస్తోంది. ఆ ఓడ కాగితాలు సోమవారం నా బల్ల మీదికే రావచ్చు అనుకున్నాను. వెనక్కి వెళ్ళిపోదామని కూడా అనుకున్నాను.

పైన ఒక పెద్ద వయసు ఫాదర్ ఉన్నారు. పాపసంకీర్తనం కావాలన్నాను. పక్కన కుర్చీలో కూర్చున్నారు, జాలీ తలుపూ అవీ ఏం లేవు. ఎన్నాళ్ళయిందని అడిగారు. పదిహేడేళ్ళు అన్నాను. "ఊఁ" అన్నారు, అంతే, చెప్పమన్నట్టు తల ఊపారు. స్థలం సంగతి ముందు చెప్పేశాను, లేకపోతే చివరికి మింగేస్తానని. మిగతావి ఆయనే ఒక్కొక్కటీ అడిగి బయటికి తీయించారు.

డబ్బు దగ్గర బ్యాంకు మేనేజరులా అడిగారు. జీతం ఎంత, ఇంటద్దె ఎంత, నెలకి ఎంత తీయగలవు. ఎనిమిది వేలు అన్నాను. "పది తియ్యి" అన్నారు. అసలు అంకె మీద మాత్రం, "పెందుర్తిలో రేటు నాకు తెలియదు నాయనా, నీ తమ్ముడితో కూర్చో" అన్నారు. వాడికి చెప్పే తీరాలా అని అడిగాను. "నిన్ను బలవంతపెట్టను. కానీ చెప్పకుండా లెక్క ఎలా తేలుస్తావు?" అన్నారు. ఆ తర్వాత ఉత్తమ మనస్తాప జపం చెప్పమన్నారు. సగంలో మర్చిపోయాను. మిగతాది ఆయనే అందించారు, పిల్లలకి అందించినట్టు. ప్రాయశ్చిత్తం ఒక జపమాల, తమ్ముడి కోసం.

పాపవిమోచన మాటలు చెప్పేటప్పుడు చెయ్యెత్తారు. ఆ చెయ్యి వణుకుతోంది, వయసు వల్ల.

ఇదంతా ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు.

సెమినరీ_సగంలో
ఆదివారం, రాత్రి 9:52

రాయొచ్చు సార్. రహస్య ముద్ర గురువుకి, మీకు కాదు. ఆయన ప్రాణం పోయినా ఒక్క మాట చెప్పకూడదు. మీరు చెప్పుకుంటే అది మీ ఇష్టం.

గ్రూప్1_ఆస్పిరెంట్
ఆదివారం, రాత్రి 10:01

తమ్ముడికి ఫోన్ చేశారా?

చివరి_బెంచీ
ఆదివారం, రాత్రి 10:20

చేశాను. ఇవాళ పూజ అయ్యాక, గుడి బయట వేపచెట్టు కింద నిలబడి. వాడు గాజువాకకి తిరిగొచ్చి ఎనిమిదేళ్ళయింది, సొంత ఆటో ఉండేది. అంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. వెనక రోడ్డు మీద హారన్లు వినపడుతున్నాయి. తర్వాత అన్నాడు: "అమ్మ ఆపరేషన్‌కి నేను మూడు రూపాయల వడ్డీకి తెచ్చానన్నయ్యా. బండి అమ్మింది ఆ అప్పుకే. నువ్వు అప్పుడు పక్కనే నిలబడి ఉన్నావు." ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

బండి సంగతి నాకు తెలుసు. ఈ రెండూ ఒకే డబ్బని నేను ఎప్పుడూ కలిపి చూసుకోలేదు.

ఇవాళ సత్ప్రసాదం లైన్లో నిలబడ్డాను. మా ఆవిడ వెనక్కి తిరిగి చూసి మళ్ళీ ముందుకి తిరిగింది. అమ్మాయి ముందే తీసుకుని వచ్చి మోకాళ్ళ మీద ఉంది, తల ఎత్తలేదు. ఫోన్ చేసింది దాని తర్వాత. ముందు చేసి ఉంటే లైన్లో నిలబడేవాణ్ణి కాదేమో.

గ్రూప్1_ఆస్పిరెంట్
ఆదివారం, రాత్రి 10:33

ఆయన ఎత్తకపోయినా మళ్ళీ చేయండి. మా పెదనాన్న ఒక్కసారి కూడా చేయలేదు.

వల_తెప్ప
సోమవారం, ఉదయం 4:15

వేటకి పోతన్నాను. మీ తమ్ముడి పేరున కూడా ఒక జపం చెప్తాను. బండి పోవడం అంటే తెప్ప పోవడమే.

సిస్టర్_గారి_అక్క
సోమవారం, మధ్యాహ్నం 12:40

ఫాదర్ గారిని కలిశారా మరి? అమ్మాయి ఉత్తరం?

చివరి_బెంచీ
గురువారం, రాత్రి 8:10

కలిశానక్కా. పావుగంట కూర్చున్నాను. ఉత్తరం వెంటనే రాసిచ్చారు. ఎందుకు రమ్మన్నారో తెలుసా? పోర్టు వైపు తిరిగేవాళ్ళెవరైనా ఉంటే గుడికి గేటు చేయించడానికి పాత ఇనుము ఎక్కడ చవగ్గా దొరుకుతుందో అడుగుదామని. నేను రెండు వారాలు నిద్రపోలేదు దానికోసం.

అమ్మాయి జూన్‌లో వెళ్తుంది. మా ఆవిడ ఇప్పట్నుంచే ఏడుస్తోంది, ఇప్పట్నుంచే కొత్త దుప్పట్లు కొంటోంది.

తమ్ముడు నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తలేదు. ఇవాళ పొద్దున్న ఆరుంపావుకి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. బ్యాంకు పేరు, అకౌంట్ నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. ఎంత వెయ్యాలో రాయలేదు.